'కె'లో మిగిలిన మూడు

మా వీధి మలుపులో షామియానా వేస్తున్నారు. ఎండి గట్టిపడిన నేలలోకి ఇనుప గూటం దింపుతున్న చప్పుడు పొద్దున్నుంచీ వినిపిస్తోంది. మెత్తటి నేలలో గూటం దబదబమని దిగుతుంది. మా అనంతపురం నేలలో అలా దిగదు. మొదటి రెండు దెబ్బలకు మన్ను ఒప్పుకుంటుంది, తర్వాత కింద రాయి తగిలి ఠంగుమంటుంది. ఆ మోత పళ్లలోకి పాకుతుంది. కొట్టించేది ఎవరో నాకు తెలుసు. పోయినేడు ఈ షామియానా మనిషే మా గేటు ముందు బండ పగలగొట్టి, అడిగితే "పాత బండ కదా సార్, ఎట్లైనా పగిలేదే" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. కిటికీ మూసేద్దామని లేచాను. మూయలేదు. ఆ ఠంగుమనే మోత వింటే నాకు షామియానా మనిషి కంటే ముందు నాగరత్న మేడం గుర్తుకొస్తారు.

ఎనభైల చివరి ఏళ్లలో నేను భూమిలో నీళ్లు వెతికే ఒక సర్కారు ఆఫీసులో పనిచేశాను. బి.ఎస్సీ. చదివినవాణ్ణే, కానీ ఉద్యోగం తాత్కాలికం. పై ఆఫీసరు సంతకం పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి. బాగుచేయించమని అర్జీ పెడితే, హెడ్ గుమాస్తా ఆ అర్జీనే మడిచి కాలి కింద పెట్టాడు. అదీ మరిచిపోలేదు. మా పని చెప్పడానికి సులువు. కరువు ఊరికి పోయి నాలుగు ఇనుప గూటాలు వరసగా నేలలో దింపాలి. బయటి రెండింటికీ కరెంటు ఇచ్చి, లోపలి రెండింటి మధ్య మీటరు చదవాలి. గూటాల మధ్య దూరం పెంచే కొద్దీ మీటరు ఇంకా లోతు సంగతి చెబుతుంది. తడి పొర ఉంటే లెక్కలో అంకె తగ్గుతుంది, రాయి ఉంటే పెరుగుతుంది. అంకెలన్నీ కలిపి గీత గీస్తే, గీత కిందికి వంగిన చోట నీళ్ల మీద ఆశ. అయితే నేల మరీ ఎండిపోయి ఉంటే కరెంటు పారదు, గూటం మొదట్లో నీళ్లు పోయాలి. తాగడానికి నీళ్లు లేని ఊళ్లోకి పోయి, నీళ్లు వెతకడానికి నీళ్లు అడుక్కోవాలి. ఆ అడుక్కునే పనికి ఎప్పుడూ నన్నే పంపేవాళ్లు.

నాగరత్న మేడం మా చిన్న ఆఫీసుకు పెద్ద. ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంట్లో పుట్టి, నాయనతో పోట్లాడి చదువుకున్న మనిషి. కొంగు నడుముకు దోపుకుని, నడినెత్తిన ఎండలో గూటాల వెంట మాతో సమానంగా నడిచేవారు. ఆమె అన్న బెంగళూరుకు చీరలు అమ్మకానికి తీసుకుపోయేవాడు. ఒకసారి అక్కణ్ణించి ఒక కాలిక్యులేటర్ తెచ్చిచ్చాడు. మామూలుది కాదు. అగ్గిపెట్టె అంత తెర ఉన్నది. "ఇది లెక్క కట్టి ఊరుకోదంట, గీత గూడా గీస్తాదంట" అంటూ మేడం దాన్ని నా మేజా మీద పెట్టారు. ఇన్నాళ్లూ లాగరితమ్ పుస్తకం ముందేసుకుని మధ్యాహ్నమంతా నేను చేసే పని, అది కన్నుమూసి తెరిచేలోగా చేస్తుందట. నాకు సంతోషం కలగలేదు. నన్ను తీసేయడానికే తెచ్చారేమో అనిపించింది.

మొదటిసారి నా చేత్తో ఆజ్ఞలు కొట్టి నడిపిస్తే తెరమీద 'సిన్ ఎర్రర్' అని పడింది, ఆజ్ఞ రాసిన తీరులో తప్పుందని. గుమాస్తాలు తొంగి చూసి నవ్వారు. నాకు ముఖం మండిపోయింది.

"నేను సరిగ్గానే కొట్టినా మేడం. దీని మీటలే బిగుసుకుపోయినాయి" అన్నాను.

"దాంతోనూ జగడమేనా ఓబులేసూ?" అన్నారు మేడం. "పక్కనుండే బాణం మీట నొక్కు."

నొక్కాను. ఎర్రర్ మాట పోయి నేను రాసిన వరస తిరిగి వచ్చింది. గుణకారం గుర్తు పక్కనే భాగహారం గుర్తు పడిన చోట ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది.

"చూసినావా? అది నిన్ను తిట్టలేదప్పా. నాకు ఈడ కాలు తట్టుకునింది అని చెప్తాంది. అంతే."

తప్పు జరిగినప్పుడు తిట్టకుండా చోటు మాత్రం చూపించే వస్తువును నేను అంతవరకూ చూడలేదు. మా నాయన అలాంటివాడు కాదు, మా మాస్టర్లూ కాదు. మీటలు బిగుసుకుపోయి ఉన్నమాట మాత్రం నిజం.

ఆ తర్వాత ఆమె నాకు దాన్ని నేర్పిన తీరు ఏ పుస్తకంలోనూ ఉండదు. "సైను, లాగు, వర్గమూలం, ఇవన్నీ దానికి పుట్టుకతో వచ్చిన విద్యలు. మనం నేర్పే పనిలేదు, నొక్కితే పలుకుతాది. కానీ ఏది ముందర చేయల్ల, ఏది ఎనక చేయల్ల, యాడ ఆగి మనల్ని అడగల్ల, యాడికి తిరిగి పోవల్ల, అది మాత్రం మనమే చెప్పల్ల" అనేవారు. గోటూ, ఎల్‌బీఎల్ అనే ఆజ్ఞలు నాకు తలకెక్కకపోతే మగ్గం దగ్గరికి తీసుకుపోయారు, మాటల్లోనే. "జాకార్డు చూసినావు గదా? రంధ్రాలు పొడిచిన అట్టలు దండ మాదిరి ఏలాడతా ఉంటాయి. ఒక్కో అట్ట వచ్చి ఏ దారం లేవల్లనో చెప్పి పోతాది. ఆఖరి అట్టను మొదటి అట్టకు కట్టినామనుకో, అంచు ఎంత పొడుగైనా నేసుకుంటా పోవచ్చు. ఆ కట్టే దారమే గోటూ. మొదటి అట్టకు పెట్టుకున్న గుర్తు ఎల్‌బీఎల్." అంతే, అర్థమైపోయింది. ఈనాటికీ మర్చిపోలేదు.

ఆ మెషీన్లో ఇంగ్లీషు అక్షరాల పేర్లతో అరలుండేవి. ఏ అరలో ఏ అంకె వేస్తే అది అక్కడే ఉండిపోతుంది. మెషీన్ ఆపేసినా, మరునాడు తెరిచినా పోదు. ఇంకో అంకె వచ్చి దాని మీద కూర్చునేదాకా కదలదు. ఆ సంగతి చెబుతూ మేడం అందరి ముందూ, "మన ఓబులేసు మాదిరే. ఒగసారి లోపల పడితే ఎంత కాలమైనా పోదు" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాటనూ ఒక అరలో వేసుకున్నాను.

మేడం అందులో రెండు ప్రోగ్రాములు రాసి పెట్టారు. మొదటిది మా గూటాలది. దూరం ఎంత అని అడుగుతుంది, మీటరు ఎంత అని అడుగుతుంది, లెక్క కట్టి తెరమీద ఒక చుక్క పెట్టి మళ్లీ మొదటికి పోతుంది. చుక్కలన్నీ కలిస్తే గీత. మీటరు ఎప్పుడైనా పాడై ఇంకోటి తెచ్చుకుంటే, దాని తేడా సరిచేయడానికి ఒక అంకెతో హెచ్చించాలి. ఆ అంకె ఉండేది 'కె' అనే అరలో. మా మీటరు మంచిదే కాబట్టి అందులో ఎప్పుడూ ఒకటే ఉండేది. రెండవ ప్రోగ్రాము వాళ్లన్న కోసం. మగ్గానికి ఎక్కించే వార్పుకు, అంటే పడుగుకు, ఎన్ని చీరలో చెబితే, పట్టు ఎంత కావాలో లెక్క చెప్పేది. అది రాసి పెట్టింది ఈమధ్యనే, ఆయన ఇంకా వచ్చి నడిపించుకోలేదు.

ఇలా ఉండగా తనిఖీకని కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పై ఆఫీసరు దిగాడు. ఆయన పేరు రాయను. మరిచిపోయి కాదు. భోంచేసి వచ్చి నా ఎదురుగా కూర్చుని, "నీ ముఖం చూస్తేనే తెలుస్తోందయ్యా, ఈ జిల్లాలో వానలెందుకు పడవో" అన్నాడు. మంచినీళ్లు తెమ్మన్నాడు. తెస్తే గ్లాసు అంచు చూసి, ముఖం చిట్లించి, నీళ్లన్నీ వాకిట్లో పారబోశాడు. ఆ వేసవిలో, ఆ ఊళ్లో, గ్లాసెడు నీళ్లు. తర్వాత మేజా మీది మెషీన్ తీసుకుని, "ఇదేమిటయ్యా, పిల్లల ఆటబొమ్మలా ఉంది" అంటూ మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. చీరల లెక్క ఉందని ఎవరో చెప్పారు. వెంటనే అది నడిపించమన్నాడు. తెరమీద ప్రశ్న గుర్తు వచ్చింది.

"ఎన్ని చీరలూ అంటోంది. ఎన్ని కొట్టమంటావు?"

"వార్పుకు మూడు వేస్తారు సార్."

"భేష్! మా ఆవిడకొకటి, అమ్మాయిలిద్దరికీ రెండు. లెక్క సరిపోయింది" అని మూడు నొక్కి గట్టిగా నవ్వి, మెషీన్ నా మేజా మీదికి విసిరినట్టు పెట్టి వెళ్లిపోయాడు.

మరునాడు మేడం వజ్రకరూరు వైపు వేరే పని మీద పోవలసి వచ్చింది. నల్లమాడ దగ్గర ఒక పల్లెలో చేయవలసిన సర్వేకు ఆఫీసరే జీపులో బయలుదేరాడు, వెంట నేను. ఆ పల్లె మా అత్తగారిది. ఆ సంగతి నేను దాచలేదు, ఎవరూ అడగలేదు. గూటాలు దిగాక బిందె కోసం వీధిలోకి పోతే మా అత్త ఎదురొచ్చింది.

"ఏమప్పా అల్లుడా, మనుషులు తాగేకి లేకుంటే ఇనుప గూటానికి తాపిస్తావా? అది నీకంటే పెద్ద అల్లుడా మాకు?" అంది.

చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. అయినా బిందె తనే ఎత్తుకొచ్చి, గూటం గూటానికీ తన చేత్తోనే కొంచెం కొంచెం పోసింది. పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు పోసింది. నేను మీటరు చదువుతూ, కాగితం మీద రాస్తూ, మెషీన్లో కొడుతూ పోయాను. మొదటి చుక్కే తెర దాటి పైకి ఎగిరిపోయింది. తర్వాతవి కూడా తెరలోకి దిగలేదు. అంత పెద్ద అంకెలు. ఆఫీసరు నా భుజం మీదుగా చూసి, "రాయి. పూర్తిగా రాయి. పదవయ్యా" అన్నాడు. మా అత్త ఖాళీ బిందె చంకలో పెట్టుకుని జీపు దాకా వచ్చింది. "రాయి అని తెలుసుకునేకి మా నీళ్లే కావల్సొచ్చినాయా?" అని నన్నడిగింది. ఆయన్ను కాదు, నన్ను.

మేడం తిరిగొచ్చి, పాత అలవాటు కొద్దీ నా రీడింగులను మళ్లీ కాగితం మీద లెక్కకట్టారు. లెక్క వేరుగా వచ్చింది. చేత్తో వేస్తే అంకెలు చిన్నవి, గీత చక్కగా కిందికి వంగుతోంది. కింద తడి పొర ఉన్నట్టే. మెషీన్లో వచ్చినవేమో పెద్దవి. ఆ సంగతి ఆఫీసరుకు చెబితే ఆయన ఆలోచించను కూడా లేదు. నన్ను పిలిచాడు.

"అత్తగారి ఊరట కదా? చెప్పనే లేదు. వచ్చాక రీడింగులు దిద్దుకున్నావన్నమాట, మామగారింటి ముందు బోరు వేయించుకుందామని. అమ్మా, నెలాఖరుకి ఇతని పేరు తీసేయండి. ఆ ఊరు రాయి అనే రాయండి."

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. దొంగ రీడింగులు రాసినవాడని పోవడం ఇంకో ఎత్తు. అందులోనూ, ఆ పల్లెకు నీళ్లు లేవని చెప్పిన నోరు కూడా నాదే అవుతుంది.

ఆఫీసరు గది బయటికొచ్చాక మేడం నా మేజా దగ్గరికొచ్చి, "కూర్చో" అన్నారు.

"నిలబడే ఉంటా మేడం. ఈ కుర్చీలో కూర్చుంటే అదీ నా తప్పే అంటారు."

ఆమె నవ్వలేదు. రెండు వరసల అంకెలూ పక్కపక్కన పెట్టారు. "మనిషి దిద్దితే ఒగచోట కొంచెం దిద్దుతాడు, ఇంకోచోట శానా దిద్దుతాడు. ఇది చూడు. ప్రతి అంకే సరిగ్గా మూడింతలు. ఇది మనిషి చేతి పని కాదు. ఈ మూడు యాడనుంచో వచ్చి దూరింది. ఆయప్ప వచ్చినప్పటి నుంచి ఈ మెషీన్ దగ్గర ఏమేమి జరిగిందో చెప్పు. ఏదీ ఒదలొద్దు."

ఏదీ వదలకుండా చెప్పమని నన్ను అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఇక చాలు ఆపమన్నవాళ్లే అందరూ. నేను మొదలుపెట్టాను. వానల మాట చెప్పాను. గ్లాసు అంచు సంగతి చెప్పాను. నీళ్లు వాకిట్లో ఏ రాయి పక్కన పారబోశాడో కూడా చెప్పాను. "ఆటబొమ్మ అన్నాడు మేడం, మీ మెషీన్ను. అని, చీరల లెక్క నడిపించి…"

"ఆగు. చీరల లెక్క నడిపినాడా?"

"నడిపినాడు. ఎన్ని చీరలంటే మూడు కొట్టినాడు. ఆవిడకొకటి, కూతుర్లకు రెండు అని ఇకిలించినాడు. నాకు బాగా గుర్తుండాది."

మేడం మెషీన్ తీసుకుని, 'కె' అరలో ఏముందో చూపించే మీటలు నొక్కి, నా వైపు తిప్పారు. తెర కుడివైపు చివర ఒంటరిగా ఉంది. మూడు.

చీరల సంఖ్యకు కూడా ఆమె ఆ అరనే వాడారు. ఒక లెక్కలో వేసిన అంకె అక్కడే కూర్చుని, ఇంకో లెక్కలోకి నడిచొచ్చింది. మేడం నుదురు కొట్టుకున్నారు. మరుక్షణం పకపకా నవ్వారు.

"మా అన్న చీరలు మీ అత్త నేలలోకి దిగబడినాయి గదరా నాయనా!"

నేనూ నవ్వాను. ఎంతకీ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆ పొట్టికాలు కుర్చీలో కూలబడ్డాను. అది ఒక పక్కకు ఒరిగింది, అయినా కోపం రాలేదు. గుండెల మీద ఎవరో పెట్టిన బండను ఎవరో తీసేసినట్టు ఊపిరి లోపలిదాకా పోయింది. 'కె'లో ఒకటి వేసి నా రీడింగులే మళ్లీ కొట్టాం. చుక్కలు తెర దాటలేదు. ఒకదాని వెంట ఒకటి బుద్ధిగా కిందికి దిగి, కొంతదూరం అక్కడే నడిచి, తర్వాత పైకెక్కాయి.

ఆఫీసరు గదిలో ఆమె మాట్లాడుతుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. "తప్పు నా ప్రోగ్రాంలో ఉంది సార్. మొదట్లో అరలు తుడిచే ఆజ్ఞ పెట్టలేదు. ఓబులేసు రీడింగులు అన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నారు. "అలాగా. చూసుకోవాలి కదమ్మా" అని ఆయన నన్ను కొనసాగించే కాగితం మీదా, పల్లెలో బోరు వేయించే కాగితం మీదా సంతకం పెట్టాడు. నా వైపు చూడలేదు. జీపెక్కి వెళ్లిపోయాడు.

జీపు దుమ్ము అణగకముందే నేను మేడం మీద పడ్డాను. "చీరల లెక్క నడిపింది ఆయన. దొంగ అనింది నన్ను. ఆ మాట ఏంటికి చెప్పలేదు మేడం?"

"చెప్తే ఏమైతాది?"

"ఆయన తప్పని తెలుస్తాది."

"తెలిసినాంక?"

చెప్పి ఉండాల్సిందనే ఈనాటికీ అంటాను. ఆమె మాత్రం తన పద్ధతిలో తాను చెప్పుకుపోయారు. "ఆయప్ప పోతే ఇంకో ఆయప్ప వస్తాడు. రేపు మా అన్నే వచ్చి చీరలు కొట్టి పోతాడు. ఎవరు చేసినారో రాసుకుంటే ఆ ఒక్కడికే బుద్ధొస్తాది, వస్తే. యాడ జరిగిందో చూసి ఆడ ఒక అట్ట వేసినామనుకో, ఇంక ఎవరు నొక్కినా ఏమీ కాదు. ఇందా, నువ్వే వెయ్యి."

మెషీన్ నా చేతికిచ్చారు. మా ప్రోగ్రాం మొట్టమొదట, అన్నిటికంటే ముందు, ఎంసీఎల్ అనే ఆజ్ఞ కొట్టాను. అరలన్నీ తుడిచిపెట్టేది అది. దాని వెనకే 'కె'లో ఒకటి వెయ్యమని ఇంకో ఆజ్ఞ. కొడుతూ కొడుతూ, ఎప్పుడో అరలో వేసుకున్న మాట బయటికి తీశాను. "ఆ రోజు అందరి ముందూ నన్ను ఈ మెషీన్ మాదిరే అన్నారు. నన్ను గూడా తుడుచుకోమంటారా?"

ఆ మాట నన్ను అంత గుచ్చిందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"వొద్దప్పా. నువ్వు మరిచిపోయే మనిషివైతే ఈ పొద్దు ఆ మూడు దొరికేది కాదు. నువ్వూ మునిగిపోతాంటివి, ఆ ఊరూ మునిగిపోతాండె. గుర్తు పెట్టుకో. కానీ కొత్త లెక్క మొదలుపెట్టే ముందర మాత్రం తుడుచుకో. పాత లెక్కలో అంకె కొత్త లెక్కలోకి రాకూడదు. అంతే నేను చెప్పేది."

బోరులో నీళ్లు పడ్డాయి. ఆకాశానికి ఎగజిమ్మలేదు, కొంచెం ఉప్పగా కూడా ఉన్నాయి. కానీ ఊరు తాగేటన్ని పడ్డాయి. మా అత్త మొదటి బిందె నింపుకుని, "నీ గూటం తాగిన నీళ్లు ఎనక్కి ఇచ్చింది పో" అంది. ఆమె నోట నాకు దొరికిన మెప్పు అదొక్కటే. తర్వాత ఎన్నో అర్జీలు పెట్టి ఉద్యోగం ఖాయం చేయించుకున్నాను. ఖాయమైనా కుర్చీ మారలేదు. మేడం బదిలీల మీద బదిలీలు తిరిగి, చివరికి ధర్మవరంలోనే కన్నుమూశారు. ఆ మెషీన్ ఏమైందో తెలియదు.

ఇంతదాకా రాశాక గేటు చప్పుడైంది. షామియానా మనిషి. చేతిలో సుత్తి, ముఖం నిండా చెమట.

"సార్, గూటం దిగడంలే. ఒగ బిందెడు నీళ్లు ఇస్తారా, నేల నానేకి?"

బండ మీద పోయినేటి పగులు అతని కాళ్ల కిందే ఉంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను అక్కడే ఆపుకున్నాను. అందుకు నాకు కొంత సమయం పట్టింది. మెషీన్‌కైతే ఒక్క మీట.

"యాడ కొడతాండావు?" అని అడిగాను.

"మీ బండకు దూరంగానే సార్" అన్నాడు, తల దించుకుని.

బిందె నింపి నేనే ఎత్తుకుపోయాను. మా అత్త పోసినట్టు గూటం చుట్టూ కొంచెం కొంచెంగా పోశాను. నేల బుసబుసమని తాగింది. కాసేపు ఆగి అతను సుత్తి ఎత్తాడు. ఈసారి దెబ్బకు ఠంగుమనలేదు.